గొంతు అడగని ఇల్లు

స్ఫాక్స్,
సెప్టెంబరు

ఉమ్ నవార్ పిన్నీ,

మీ మోకాలు ఎలా ఉంది? కాపడం పెట్టుకుంటున్నారా, లేక మీ చెల్లెలి మీద అలిగి మానేశారా?

నాన్చితే మీకు పడదు కాబట్టి చెడ్డ కబురు ముందే చెబుతున్నాను. మన 'రుబా ఓడరేవు' మూతపడబోతోంది. ఇంటర్నెట్‌లో ఇన్నేళ్లూ మనకి ఊరికే చోటిచ్చిన కంపెనీ ఇలాంటి పాత చర్చావేదికలన్నీ ఈ ఏడాది చివరికి ఎత్తేస్తోందట. ఒరాన్ నుంచి మురాద్ ఆ నోటీసు పెట్టాడు. కింద అందరూ ఏడుపు బొమ్మలు పెట్టారు. నేను మాత్రం నేను పనిచేసే పళ్ల క్లినిక్‌లో, పన్ను పీకించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన ఎదురుగా నిజంగానే ఏడ్చాను. ఆయన తన పన్ను కోసమే అనుకుని నన్ను ఓదార్చాడు.

'కెరటాల కూతురు రుబా' కార్టూన్ గురించి ఎవరితోనైనా మాట్లాడాలని చిన్నప్పుడు ఆ గడప తొక్కాను. ఇప్పుడు ముప్పై దాటాయి. చివరి భాగం మన టీవీలో వెయ్యనే లేదు. రుబా వాళ్లమ్మ ప్రయాణం నుంచి ఎలా తిరిగొస్తుందో మనమే రాసుకుంటూ కూచున్నాం. ఒకళ్ల ముగింపులో ఆవిడ పడవలో వస్తుంది, ఒకళ్ల దాంట్లో వానతో వస్తుంది. ఎవరి ముగింపునీ ఎవరూ కాదనలేదు. మొరాకో వాళ్ల యాస ఇరాక్ వాళ్లకి తెలియదు, అయినా కార్టూన్‌లోని ఆ గ్రాంథిక అరబ్బీలోనే అందరం కబుర్లు చెప్పుకున్నాం. అలాంటి చోటు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

నిన్న ఓడరేవు కలలోకొచ్చింది. మనందరం దీపాలు పట్టుకుని నీళ్ల మీద నడుస్తున్నాం, పాదాలు తడవడం లేదు. ఒడ్డున వరసగా తలుపులు తీసిన ఇళ్లున్నాయి. మీరొక్కరే వెనక ఆగిపోయారు. పిలిస్తే పలకలేదు. లేచేసరికి దిండు మీద చెమట.

కొత్త ఇల్లు వెతికే పని నెత్తినేసుకున్నాను. ఎవరినీ వీధిలో వదలను పిన్నీ. మిమ్మల్ని అసలే వదలను.

మీ ఉల్ఫా


ఇర్బిద్,
అక్టోబరు

ఉల్ఫా తల్లీ,

నా మోకాలు దాని మానాన అది మూలుగుతోంది. కాపడం పెట్టుకోలేదని మా చెల్లెలు నజాహ్ నా మీద, పెట్టుకోమని తినేస్తోందని నేను దాని మీద రోజూ రుసరుసలాడుకుంటున్నాం. ఇది వంకాయల కాలం కూడాను. చిట్టి వంకాయలు ఉడకబెట్టి, ఉప్పేసి బరువు కింద పెట్టి నీరు పిండి, అక్రోట్లూ ఎర్ర మిరపకాయలూ కూరి నూనెలో మునగేస్తున్నాం. ఈసారి పక్కవీధి వాళ్లకి కూడా మేమే పెట్టిస్తున్నాం. నా వేళ్లు చూస్తే ఎవరినో పొడిచి వచ్చానంటారు.

నీ కబురు చదివాక వంకాయల్లో కూరే ఉప్పుకి లెక్క తప్పింది. ఓడరేవు మూస్తారంటే నా ఈడు మనిషి ఇంత దిగులు పడటం నవ్వులాటే. కాని తల్లీ, పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని మీ అందరి మధ్యా కూచోవడం తప్ప నాకు వేరే ఊరు లేదు. ఇక్కడికి వచ్చి ఇన్నేళ్లయినా ఇర్బిద్ నన్ను చుట్టంలాగే చూస్తుంది. ఓడరేవులో నేను ఇంటిమనిషిని.

నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను. షరతు ఒక్కటే. నా ముఖం చూపించమనకూడదు, నా గొంతు వినిపించమనకూడదు. ఎందుకని అడక్కు. అక్షరాలతో అయితే ఎంతసేపైనా ఉంటాను. అది కుదరదంటే మీరంతా చల్లగా ఉండండి, నేను గడప బయట నుంచే దీవిస్తాను.

నీ కలలో నేను పలకలేదన్నావు. మోకాలు నొప్పి వచ్చుంటుంది, పట్టించుకోకు.

ఉమ్ నవార్


స్ఫాక్స్,
నవంబరు

పిన్నీ,

ఇల్లు వెతుకుతున్నానని అందరికీ గొప్పగా చెప్పాను కదా, ఇప్పుడు వినండి నా బాధ.

ముందు అందరూ ఉండే ఆ పెద్ద వాడకే వెళ్లాను. అసలు పేరు పెట్టమంది, పెట్టాను. బుద్ధి తక్కువై మన గుంపు గోడ మీద రుబా పడవ బొమ్మ వేసి, "అమ్మ రేపు తిరిగొస్తుంది" అని రాశాను. సాయంత్రానికల్లా మా చిన్నాన్న దాని కింద పెట్టాడు: "ఉల్ఫా, ఈ వయసులో బొమ్మలేంటే? ముందు పెళ్లి సంగతి చూడు." దాని కింద మా మేనత్త, "అవునురా, ఒక ఫార్మసీ అబ్బాయి ఉన్నాడు" అంది. తెల్లారేసరికి మన గుంపులో మా బంధువులు ఎక్కువైపోయారు. రుబా గురించి ఒక్క ముక్క లేదు, ఫార్మసీ అబ్బాయి జీతం గురించే చర్చ. తలుపేసి పారిపోయి వచ్చాను.

రెండోది బొమ్మలూ చిన్న చిన్న వీడియోలూ పెట్టుకునే చోటు. అక్కడ కార్టూన్ ప్రేమికులు వేలకొద్దీ ఉన్నారు, మనవాళ్లే అనుకుని సంబరపడ్డాను. వాళ్లంతా జపాన్ అసలు చూసిన మేధావులు పిన్నీ. మన డబ్బింగ్ వాళ్లకి చావంటే పడదు కదా. కథలో చచ్చిపోయిన వాళ్లందరినీ ప్రయాణం పంపిస్తారు. అది చిన్నపిల్లలకి కూడా తెలుసు. అయినా ఒకడు పనిగట్టుకుని వచ్చి, "మీ రుబా తల్లి మొదటి భాగానికే మునిగి చచ్చింది. చివరి భాగంలో సమాధి ఉంది కాబట్టే మీవాళ్లు వెయ్యలేదు. ఇంకా ఒడ్డున కూచుని ఎదురు చూడండి, పిచ్చి మొహాల్లారా" అని రాశాడు. దాని కింద వందల నవ్వులు.

మాకు తెలియదా? నాకు తెలియదా? తెలిసీ కూచుంటాం. అది వాళ్లకి అర్థం కాదు.

మీకు ఎప్పుడూ చెప్పలేదు. నాకు ఏడేళ్లప్పుడు మా అమ్మ పోయింది. ఇంట్లో అందరూ "అమ్మ ప్రయాణం వెళ్లింది" అన్నారు. అదే శీతాకాలం టీవీలో రుబా వచ్చింది. అంతే, ఇంకేం లేదు. ఆ వెధవ నవ్వులు చూసి ఇది రాయాలనిపించింది.

ఇంకో ఇల్లు చూస్తాను. మీరు దిగులు పడకండి.

ఉల్ఫా


ఇర్బిద్,
నవంబరు ఆఖరు

నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం అందిన రోజు నేను పని చెయ్యలేదు. నజాహ్ వచ్చి, "ఎవరు పోయారే?" అని అడిగింది. ఎవరూ పోలేదు, ప్రయాణం వెళ్లారు అన్నాను. అది నా మొహం చూసి పొయ్యి మీద కాఫీ పెట్టింది.

ఏడేళ్ల పిల్లకి ఆ మాట ఎలా వినిపించిందో నేను చాలాసేపు ఆలోచించాను. దాని గురించి నీకు రాయాల్సింది ఉంది, ఇప్పుడు కలం కదలడం లేదు. కోప్పడకు.

ఆ నవ్వినవాళ్ల సంగతి వదిలెయ్. ఒకడి ఇంట్లో అన్నం వండుకుంటే ఇంకొకడికి కడుపునొప్పి ఎందుకో నాకెప్పుడూ తెలియదు. ఇక్కడ వాన మొదలైంది. కొండల మీద మబ్బు కూచుంటే మా డాబా ఓడలాగా తేలుతుంది. నిన్న ఆరేసిన దుప్పట్లు తియ్యడానికి వెళ్లి, ఎందుకొచ్చానో మర్చిపోయి తడుస్తూ నించున్నాను. దుప్పట్లు తెరచాపల్లాగా ఎగురుతున్నాయి. కాసేపు నాకు ఏ ఊళ్లో ఉన్నానో తెలియలేదు, హాయిగా ఉంది.

ఆ ఫార్మసీ అబ్బాయి జీతం ఎంతని తేలింది?

ఉమ్ నవార్


స్ఫాక్స్,
డిసెంబరు

పిన్నీ పిన్నీ,

ఇల్లు దొరికింది! అలెగ్జాండ్రియాలో ఉండే మన వాయిల్ చూసిపెట్టాడు. అసలు పేరు అక్కర్లేదు, ఫోటో అక్కర్లేదు, చుట్టాలు వెతికినా దొరకరు. లోపల గదులు గదులుగా ఉంటుంది. రాసుకునే గదులున్నాయి, మాట్లాడుకునే గదులున్నాయి. మురాద్ మన పాత ముగింపులన్నీ మోసుకొచ్చి ఒక గదిలో సర్దేశాడు. నిన్న అందులోకి వెళితే పాత ఇంట్లో పరుపు వాసన తగిలినట్టయింది.

చిక్కు ఒకటే. ఆ నవ్వేవాళ్లు దొంగపేర్లతో జొరబడి గోడల నిండా సమాధి బొమ్మలు వేసి పోయారు. అందుకని వాయిల్ గుమ్మం దగ్గర పరీక్ష పెట్టాడు. లోపలికొచ్చే ప్రతివాళ్లూ రుబా ప్రమాణం తమ గొంతుతో చెప్పి పంపాలి: "నేను రుబాని. కెరటం వెనక్కి వెళ్తుంది, వెళ్లిపోదు." చిన్నప్పుడు ఆ కార్టూన్ వింటూ పెరిగినవాళ్లకి తప్ప ఆ సాగదీత రాదంటాడు. వాయిల్ చెవి సంగతి తెలుసుగా, తలుపు కిర్రుమన్నా ఏ భాగంలోదో చెబుతాడు.

మీ షరతు నాకు గుర్తుంది. అతనితో పోట్లాడాను. "ఒక్కరికి సడలిస్తే అందరికీ సడలించాలి" అంటాడు. గొంతు బాగుండక్కర్లేదు పిన్నీ, బొంగురుపోయినా పరవాలేదు. నేనైతే దగ్గుతూ చెప్పాను. నాకూ అతనికీ తప్ప ఎవరికీ వినిపించదు. ఈ నెలాఖరుకి ఓడరేవు మునిగిపోతుంది. నా కోసం ఒక్కసారి.

ఉల్ఫా


ఇర్బిద్,
డిసెంబరు

ఉల్ఫా,

పంపాను. వంటింట్లో నించుని చెప్పాను. రెండోసారి చెప్పే ధైర్యం లేక అలాగే పంపేశాను. ఇంకెవరికీ వినిపించొద్దు.

ఉమ్ నవార్


స్ఫాక్స్,
జనవరి

ఉమ్ నవార్ గారికి,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

మీరు పంపింది వాయిల్ విన్నాడు, వెంటనే తిప్పి కొట్టాడు. "ఇది గొంతు కాదు, కార్టూన్ నుంచి కోసిన ముక్క. కనిపెట్టకూడదని కాస్త నెమ్మది చేశారు, వెనక వంటింటి చప్పుళ్లు కలిపారు" అన్నాడు. నేను నమ్మలేదు. నాకు వినిపించాడు. అది రుబాయే. మా ఇంటి టీవీలోంచి వచ్చిన రుబాయే. వెనకాల కుక్కర్ కూత, ఎవరో ఆవిడ "అక్రోట్లు మాడిపోతున్నాయే!" అని అరిచిన అరుపు. అబద్ధానికి ఇంత అలంకారం ఎందుకు?

చెప్పనంటే ఏదో ఒకటి చేసేదాన్ని కదా. నేను మీ తరఫున పోట్లాడాను. ఇప్పుడు అందరి ముందూ నా తల తీసేసినట్టయింది. వాయిల్ మీ పేరు గుమ్మం దగ్గర మోసగాళ్ల పట్టీలో ఎక్కించాడు. నేను ఆపలేకపోయాను. నిజం చెప్పాలంటే ఆపలేదు.

మా అమ్మ సంగతి నేను రాసింది మీ ఒక్కరికే. అందుకే ఎక్కువ బాధగా ఉంది.

ఓడరేవు మూసేశారు. ఆఖరి రాత్రి మీకోసం చూశాను, మీరు రాలేదు.

ఉల్ఫా


ఇర్బిద్,
జనవరి

ఉల్ఫా తల్లీ,

ఆ గొంతు నాదే.

వాయిల్ చెవిని తప్పు పట్టను. ఆ అబ్బాయి సరిగ్గానే విన్నాడు. కార్టూన్‌లోదీ నాదే, వంటింట్లోదీ నాదే. నెమ్మదించింది యంత్రం కాదు, వయసు. అక్రోట్ల అరుపు మా నజాహ్‌ది. నీ ఉత్తరం చదివి అది కింద కూచుని నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు పెట్టుకుంది. "నీ గొంతుకే నిన్ను దొంగని చేశారే!" అంటుంది. నాకూ నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది.

నా పేరు సులాఫా. ఉమ్ నవార్, అంటే నవార్ తల్లి, అని పెట్టుకున్నానే గాని ఆ పేరు గల కొడుకు లేడు, నాకు పెళ్లే కాలేదు. డమాస్కస్‌లో ఒక నేలమాళిగ స్టూడియోలో పదకొండేళ్లు పనిచేశాను. కుందేళ్లకీ రాజకుమారులకీ ముసలి మంత్రగత్తెలకీ గొంతిచ్చాను, జనానికి గుర్తుండిపోయింది రుబా ఒక్కతే. పేర్లు పడే చోట ఛానెల్ వాళ్లు సబ్బు ప్రకటన వేసేవాళ్లు కాబట్టి నేనెవరో ఎవరికీ తెలియదు. అది నా అదృష్టం.

ఎందుకు దాచానంటావా? ఈ ఊరు వచ్చిన కొత్తలో బజారుకెళ్లి కిలో బెండకాయలు ఇమ్మన్నాను. కొట్టతను, ఇంత మీసాలున్నవాడు, తక్కెడ వదిలేసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "అమ్మా, ఒక్కసారి రుబా కెరటం మాట చెప్పండి" అన్నాడు. చెప్పాను. బెండకాయలు ఊరికే ఇచ్చాడు. ఆ తరవాత ఎప్పుడు వెళ్లినా ఆ మాట అనిపించుకోనిదే తూకం వెయ్యడు. నాకు జ్వరంగా ఉన్న రోజు, నజాహ్ ఆస్పత్రిలో ఉన్న రోజు కూడా అంతే. మంచివాడే పాపం. కాని నేను ఎలా ఉన్నానని ఒక్కసారీ అడగలేదు. అందరూ అలాగే తల్లీ. వాళ్లకి ఆ పిల్ల కావాలి, నేను దారికి అడ్డం. అందుకే బజారు పని నజాహ్‌కి వదిలేశాను, నోరు కట్టేసుకున్నాను.

ఓడరేవులో ఎవరికీ నా గొంతు తెలియదు. అందుకే అక్కడ మాట్లాడగలిగాను. ఓడరేవు మూతపడుతోందన్న కబురు కంటే ముందు నువ్వు నా మోకాలి గురించి అడిగావు. దాని విలువ నీకు తెలియదు.

ఇప్పుడు నీకు తెలిసింది. ఎవరికీ చెప్పకు. నన్ను మోసగత్తెగానే ఉండనీ, అది నాకు నయం. ఆఖరి రాత్రి నేను వచ్చాను. ఏమీ రాయకుండా చూస్తూ కూచున్నాను.

సులాఫా


స్ఫాక్స్,
జనవరి

గౌరవనీయులైన సులాఫా గారికి,

మీకు ఇలా రాయొచ్చో లేదో కూడా తెలియదు. ఇన్నాళ్లూ మీతో ఎంత చనువుగా, ఎంత వెటకారంగా మాట్లాడానో తలుచుకుంటే సిగ్గేస్తోంది. నేను మిమ్మల్ని దొంగ అన్నాను. రుబాని!

ఆ ముక్క మళ్లీ మళ్లీ విన్నాను. వింటూ నిద్రపోయాను. కలలో మా పాత ఇల్లు, వసారాలో టీవీ, దాని ముందు పరిచిన గొర్రెతోలు. నేను చిన్నదాన్ని. టీవీలోంచి వంటవాసన వచ్చింది.

ఎన్నో అడగాలని ఉంది. కార్టూన్ మొదట్లో వచ్చే ఆ పాట కూడా మీరే పాడారా? మీ దగ్గర పాత కాగితాలు ఏమైనా ఉన్నాయా? ఎప్పుడైనా, ఓపికున్నప్పుడు, నా పేరు ఆ గొంతుతో పిలిచి పంపుతారా?

ఒక్క ప్రశ్నకి మాత్రం జవాబు కావాలి. పదో భాగంలో రుబా రాతి పక్కన కూచుని "అమ్మ ప్రయాణం వెళ్లింది, వస్తుంది" అంటుంది. మీరు ఆ మాట అన్నప్పుడు ఆవిడ చచ్చిపోయిందని మీకు తెలుసా?

మీ అభిమాని
ఉల్ఫా


ఇర్బిద్,
ఫిబ్రవరి

ఉల్ఫా,

నీ ఉత్తరం మొదటి వరస చూసి లోపలికెళ్లి పడుకున్నాను. ఎవరికి రాశావది? నేను భయపడింది ఇదే. నా మోకాలు కూడా అడగలేదు నువ్వు. దాన్ని కూడా గౌరవనీయం చేసేశావా?

నీ పేరు ఆ గొంతుతో పిలవను. తిట్టుకున్నా సరే. నాకు ఇంకో గొంతు లేదు, ఆ ఉన్నదానితో నటించమంటే ఇంక నా దగ్గర ఏం మిగులుతుంది?

నీ ప్రశ్నకి మాత్రం జవాబు చెబుతాను. ఆ ప్రశ్న అడిగింది అభిమాని కాదు.

తెలుసు. నా ముందు తెర మీద ఉన్నది సమాధి రాయి. దాన్ని తోటరాయి అనమని నా డైలాగుల కాగితంలో రాశారు. తెర మీద ఆ పిల్ల ఏడుస్తోంది. నవ్వుతూ చెప్పాలని కాగితంలో ఉంది. అప్పటికి మా అమ్మని మట్టిలో పెట్టి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. నవ్వుతూనే మొదలుపెట్టాను. "వస్తుంది" అనే చోటికి వచ్చేసరికి గొంతు వణికింది. మళ్లీ చెప్పాను, మళ్లీ వణికింది. అద్దం అవతల టేపు చూసే అతను గడియారం చూసుకుని, "పిల్లలకేం తెలుస్తుంది, కానివ్వండి" అన్నాడు. ఆ వణుకుతోనే వెళ్లిపోయింది. చివరి భాగానికి కాగితాలు రాయలేక చేతులెత్తేశారు. అందులో రుబా సమాధి మీద పేరు చదువుతుంది. దానికి ఏ తోట అని పేరు పెడతారు?

నీ నవంబరు ఉత్తరం అందినప్పుడు రాయలేకపోయింది ఇదే. ఏడేళ్ల నువ్వు అక్కడ కూచుని వింటున్నావని నాకు తెలియదు తల్లీ. తెలిసుంటే ఏం చేసేదాన్నో కూడా తెలియదు.

ఇంక రాయకపోయినా నేనేమీ అనుకోను.

సులాఫా


స్ఫాక్స్,
ఫిబ్రవరి

పిన్నీ,

ముందు మోకాలు. కాపడం పెట్టారా లేదా? నజాహ్ పిన్నినే అడిగి తెలుసుకుంటాను, మీ మాట నమ్మను.

గౌరవనీయం అంటూ రాసిన ఆ ఉత్తరం చించి పొయ్యిలో పారెయ్యండి. తిట్టినందుకు సంతోషం. నన్ను ఇంత చక్కగా తిట్టిన మనిషి రుబా కాదు, మీరే.

పిల్లలకేం తెలుస్తుందన్నాడా అతను? పిల్లలకి తెలుస్తుంది. నాకు తెలిసింది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

మా ఇంట్లో "అమ్మ ప్రయాణం వెళ్లింది" అని మా నాన్న అన్నాడు, మేనత్తలు అన్నారు, పక్కింటివాళ్లు అన్నారు. ఒక్కళ్ల గొంతూ వణకలేదు. రొట్టె తిను అన్నంత మామూలుగా అన్నారు. నాకేదో తేడాగా అనిపించింది, అడిగితే కసిరారు. నాకు పిచ్చేమో అనుకున్నాను. అప్పుడు టీవీలో ఒక పిల్ల అదే మాట అంది, "వస్తుంది" దగ్గర వణికింది. నాకు ఆ క్షణమే తెలిసిపోయింది, అమ్మ రాదని. ఈ పిల్లకి కూడా తెలుసని. తెలిసే అంటోందని. ఆ రోజు మొదటిసారి కడుపారా ఏడ్చాను పిన్నీ, గొర్రెతోలులో మొహం పెట్టుకుని. ఊరంతా నాకు అబద్ధం చెప్పింది, మీరొక్కరే చెప్పలేదు. మీ నోట్లో ఉన్నది అబద్ధమే, గొంతు మాత్రం నిజం చెప్పేసింది. అందుకే అన్నేళ్లు ఓడరేవులో కూచున్నాను. ఆవిడ వస్తుందని కాదు, రాదని తెలిసినవాళ్ల పక్కన కూచుందామని.

ఇప్పుడు ఇంటి సంగతి. నేను వాయిల్‌తో చెప్పాను: "గుమ్మం దగ్గర గొంతులు కొలిచే ఇల్లు నాకొద్దు. జొరబడేవాళ్లని నేను కూచుని ఏరి బయట పారేస్తాను, అది నా పని. వచ్చేవాళ్లని మాత్రం ఏమీ అడగొద్దు." ఎందుకన్నాడు. చెప్పనన్నాను. ఆ మోసగత్తె కోసమా అన్నాడు. అవునన్నాను. "నీకు ఆవిడ ఏమవుతుంది?" అన్నాడు. పిన్ని అన్నాను. రెండు రోజులు మొహం మాడ్చుకుని కూచున్నాడు. మురాద్ నా పక్షం, బాగ్దాద్ కవలలు నా పక్షం. కొందరు అలిగి వెళ్లిపోయారు, వాళ్ల కోసం బాధగానే ఉంది. చివరికి వాయిల్ పరీక్ష తీసేశాడు, మోసగాళ్ల పట్టీ కూడా చెరిపేశాడు. మాట్లాడుకునే గదులు మూసేశాం. ఇప్పుడు అది ఉత్త రాతల ఇల్లు, పాతకాలం ఇల్లు.

మీ సంగతి ఎవరికీ తెలియదు. నా గోరీ దాకా తెలియదు. వచ్చే గురువారం సాయంత్రం వాకిలి తీస్తాం. ఏ పేరుతో అయినా రండి. మీరు రాకపోతే మాత్రం నేనూ లోపలికి వెళ్లను, గడప మీదే కూచుంటాను.

మీ ఉల్ఫా


ఇర్బిద్,
ఫిబ్రవరి

నా తల్లీ,

నీ ఉత్తరం నజాహ్ చేత చదివించుకున్నాను, నా కళ్లకి అక్షరాలు ఆనలేదు. అది మధ్యలో ఆగి, "ఈ పిల్లని ఒకసారి మన ఇంటికి రమ్మను, వంకాయలు పెడదాం" అంది. ఆ వణుకు తప్పని నేను ఇన్నేళ్లు అనుకున్నాను. వింటున్న పిల్ల ఒకతి దాన్ని పట్టుకుని నిలబడిందని నువ్వు చెప్పాకే తెలిసింది. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

నిన్న సాయంత్రం ఉమ్ నవార్ పేరుతోనే వచ్చాను. గుమ్మంలో నువ్వు తప్ప ఎవరూ లేరు. ఏ పేరూ అడగలేదు. లోపల అందరూ ఒకేసారి మాట్లాడుకుంటున్నారు. నాకు ఏం రాయాలో తోచక, "మా ఇంట్లో ఈ పూట పప్పు చారు, మీ ఇళ్లల్లో ఏమిటి?" అని రాశాను. ఒరాన్ నుంచి ఒకళ్లు, బాగ్దాద్ నుంచి ఇద్దరు జవాబిచ్చారు. ఎవరో నా చారులో జీలకర్ర ఎంత వేస్తారని అడిగారు. వాయిల్ వచ్చి, "పిన్నీ, మీరు దొంగే అయినా గొప్ప దొంగ. ఆ ముక్కకి కుక్కర్ కూత అంత సహజంగా ఎలా అతికించారో నాకు నేర్పించాలి" అన్నాడు. నేర్పిస్తాలే నాయనా అన్నాను. మురాద్ పిల్లలకి జలుబు చేసిందట, ఉల్లిపాయ కషాయం చెప్పాను. ఒకమ్మాయి తన కొత్త ముగింపు చదివి బాగుందో లేదో చెప్పమంది. బాగాలేదని చెప్పాను. పోట్లాడింది. నేనూ తగ్గలేదు.

నన్ను ఒక్కరూ గొంతు విప్పమనలేదు ఉల్ఫా. దీపాలు పెట్టి నజాహ్ అన్నానికి పిలిచేదాకా మాట్లాడుతూనే ఉన్నాను.

సులాఫా